నూనె అంటిన కార్డు

నా దగ్గరొక ఆల్బమ్ ఉంది. అందులో క్రికెట్ కార్డులు, ప్రతి కార్డు మీదా ఆ బొమ్మలోని ఆటగాడు నా కళ్ల ముందు పెట్టిన సంతకం. డబ్బిచ్చి కొన్నవి కావు, ఎవరో తెచ్చిపెట్టినవీ కావు. బస్సుల పక్కన, హోటల్ గేట్ల దగ్గర, మెడపట్టి గెంటించుకుని మరీ సంపాదించినవి. పెళ్లీడు దాటుతున్న మగాడు బబుల్‌గమ్ బొమ్మల వెంట తిరగడమేమిటని కోడుమూరులో నవ్వనివాడు లేడు. నవ్వుకోనీ. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఒక్క కార్డు మాత్రం సంతకం లేకుండా మిగిలిపోయింది. అది ఒక ఫాస్ట్ బౌలర్ది. టెన్త్‌లో ఉన్నప్పుడు నేను మొట్టమొదట దాచుకున్న కార్డు అదే. ఆ ఏడాదితో ఆట మానేస్తానని అతను చెప్పేశాడు. చివరి మ్యాచుల్లో ఒకటి కడపలో పడింది. ఇప్పుడు తప్పితే ఇంక ఈ జన్మకు లేదని నాకు తెలుసు.

నున్నటి కార్డు మీద మార్కర్ సిరా పట్టదు. పౌడర్ చల్లి, మెత్తటి గుడ్డతో రుద్ది జిడ్డంతా తీయాలి. ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వకూడదు. ముందు రోజే అంతా చేసి, కార్డును ఒక అట్ట మడతలో పెట్టి బల్ల మీద ఉంచాను.

మా అమ్మకో అలవాటు. చర్చిలో పాస్టరయ్య ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా మా ఇంట్లో గూట్లో ఉంటుంది. మంచి పనికి బయలుదేరేది ఏదైనా ఆ నూనె అంటకుండా గడప దాటదు. విత్తనాల సంచి, కొత్త బైకు, నా పరీక్ష హాల్‌టికెట్టు, అన్నిటికీ బొటనవేలితో సిలువ గుర్తు పెట్టేది. నేను పాసైతే ఆ గొప్ప నూనెకే పోయింది. ఆ పొద్దున నేను స్నానానికి వెళ్లినప్పుడు కార్డుకూ పెట్టింది. నేను చూసుకోలేదు. అట్టను జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

సాయంత్రం ఆట ముగిశాక అతను బస్సు దగ్గరికొచ్చాడు. అడిగినవాళ్లందరికీ విసుక్కోకుండా సంతకాలు పెడుతున్నాడు. నా వంతు వచ్చింది. "అన్నా, స్కూల్లో ఉన్నప్పటి నుంచి దాచుకున్నా," అన్నాను. అతను గీశాడు. సిరా పట్టలేదు, పక్కకు జారి మరకైంది. మళ్లీ గీశాడు. ఈసారి మార్కరే రాయడం మానేసింది. కార్డును వేలితో రుద్ది వాసన చూశాడు.

"ఏంటి బ్రదర్, ఇందులో బజ్జీలు చుట్టుకొచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అతను నూనె వేలును నా చొక్కాకు తుడుచుకుని, కార్డు నా జేబులో కుక్కి బస్సెక్కిపోయాడు. నేను "థాంక్స్ అన్నా" అన్నాను. ఛీ, ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

కార్డును వెలుతురుకు తిప్పి చూస్తే సిలువ గుర్తు కనిపించింది. దాని చుట్టూ బొటనవేలి గీతలు. అప్పుడు తెలిసింది ఎవరి పనో.

మరునాడు పొద్దున ఇల్లు చేరేసరికి చర్చి ఆడవాళ్లు నలుగురు ప్రార్థనకొచ్చి చాప మీద కూర్చుని ఉన్నారు. అమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఏమప్పా, ఏసినాడా సంతకం? నిన్నటి నుంచి ప్రార్థన చేస్తానే ఉండా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కార్డును ఆమె ఒళ్లోకి విసిరాను.

"ఏలిముద్ర ఏసేదానివి, సంతకం ఇలువ నీకేం తెలుసు? నీ చెయ్యి పడితే ఏదైనా చెడిపోతాది. నాయన మంచాన పడితే గూడా ఇదే నూనె పూస్తివి గదా. బతికినాడా?"

ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఒకామె మాత్రం, "అట్ల అనగూడదు నాయనా, కన్నతల్లిని," అంది. అమ్మ కార్డును కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచేకొద్దీ మరక ఇంకా పాకింది.

"పోతాదేమో సూస్తా నాయనా," అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊరికి మంచిదే. నా చొక్కాకు చెయ్యి తుడుచుకున్నవాణ్ని కూడా అన్నా అంటుంది. ఇంట్లో ఉన్న ముసలిదానికి మాత్రం క్షమించమని ఒక్క మాట చెప్పలేకపోయింది. ఆమే మరిచిపోతుందిలే అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత కర్నూలులో నాకు కడుపు ఆపరేషన్ జరిగింది. అమ్మ సీసా వెంట తెచ్చుకుంది. పక్క మంచం ముసలాయన అడిగితే నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసింది. ఎదురు మంచం పిల్లకూ రాసింది. నన్ను తీసుకుపోవడానికి స్ట్రెచర్ వచ్చింది. నాకు భయమేసింది, నిజంగా భయమేసింది. తల ఆమె వైపు వంచాను.

"అమ్మా, నాకు పెట్టవా?"

ఆమె సీసాకు మూత బిగించింది.

"నీకొద్దులే నాయనా. నా చెయ్యి పడితే చెడిపోతాది."

ఎత్తిపొడిచి ఉంటే తట్టుకునేవాణ్ని. ఆమె ఆ మాట నమ్మింది. స్ట్రెచర్ కదిలితే, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, పొరపాటున కూడా నాకు తగలకుండా, ఆపరేషన్ గది తలుపు దాకా పక్కనే నడిచింది.