పంచేవాడి వంతు

అంతరిక్షంలో వ్యోమగాములూ రోబోలూ కలిసి పనిచేసేటప్పుడు ఎవరు ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రోగ్రామ్ రాయడం నా ఉద్యోగం. రాప్తాడు దగ్గర మా ఊళ్ళో, ఇంట్లోనే కూచుని చేస్తాను. మా నాయనదీ అదే పని, జీతం లేదంతే. వాన పడి నేల పదునెక్కితే అందరూ ఒక్కసారే శెనక్కాయ వెయ్యాలంటారు. మా వీధి మొత్తానికీ విత్తనం వేసే ట్రాక్టర్ గొర్రు ఒకటే. అది ఎవరి చేనికి ముందు పోవాలో, ఎవరి చేనికి వెనక పోవాలో వంతులు పంచేది ఆయనే.

పంచేవాడు తన వంతు ఆఖర్న పెట్టుకోవాలి. అది మా ఊరి మర్యాద. ఆ మర్యాదను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి వాన ఆలస్యంగా పడింది. మా చేను గుట్టకింద గరుసునేల, అందరికన్నా ముందు ఆరిపోతుంది. పల్లంలో చేలకు మట్టి లోతెక్కువ, తేమ ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

"నాయనా, గొర్రు ముందు మన చేనికి పంపు. మా పనిలో ఏది ఆగలేదో దానికే మొదటి వంతు. ఒక రోబోకు ఛార్జింగ్ అయిపోతాంటే పక్క రోబో తన పని ఆపి దారిస్తాది."

"వాటికి ఊరుండాదామ్మా? పంచేవాడే ముందు తీసుకుంటే రేపు నా మాట ఎవరింటారు?"

"చేను ఎండిపోతాండాది కదా!"

"మన నేల సంగతి అందరికీ తెలుసు. ఎవరో ఒకరు అడక్కుండానే ఇస్తార్లే."

ఆ నమ్మకంతోనే పొద్దున్నే విత్తనాల మూట పెట్టుకుని చేనిగట్టున కూచున్నాడు. నేను ఇంట్లో, ఒక రోబో ఇంకో రోబోకు దారిస్తుందో లేదో పరీక్షిస్తున్నాను. ఇచ్చింది. ఎవరూ బతిమాలనక్కరలేకపోయింది. లేచి గట్టు దగ్గరికి పోయేసరికి గొర్రు మా చేను దాటుకుని పల్లానికి పోతోంది. "ఏమప్పా, ఈడ కూచున్నావే?" అని గొర్రు వెంట పోయేవాళ్ళు నాయనను పలకరించి మరీ పోయారు.

మా వంతు వచ్చేసరికి నేల బిగుసుకుంది. గొర్రు పళ్ళు పైపైన గీరాయి. డ్రైవరే ఇక వద్దన్నాడు. మూట ఇంటికి తిరిగొచ్చింది.

సాయంత్రం అందరూ మా వాకిట్లో చేరారు. ఇవ్వబుద్ధి కాకపోయినా టీ ఇచ్చాను. మొదటి వంతు తీసుకున్నాయన మా విత్తనాల మూటకే ఆనుకుని కూచున్నాడు.

"నీయంత న్యాయస్థుడు యాడా లేడన్నా. వచ్చే ఏడూ నువ్వే పంచల్ల."

నాయన ముఖం వెలిగిపోయింది. "అట్లే కానీప్పా," అన్నాడు.

ఆ మనుషుల మీద కన్నా ఆ వెలుగు మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయి ఏడ్చాను.