నాకన్నా ముందు ఇల్లు చూసిపోయిన పిల్ల

మూడు దారుల దగ్గర పసుపు కుంకుమ చల్లిన నిమ్మకాయ కనబడితే మా అమ్మ చుట్టూ తిరిగి వెళ్తుంది. నేను దాటి వెళ్తాను. కావాలనే దాటుతాను. దయ్యాలు పుస్తకాల్లో బాగుంటాయి గానీ, రోజూ కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సులో పోయి వచ్చే మనిషికి వాటిని చూసి భయపడే తీరిక ఉండదని నా నమ్మకం. ఇప్పుడూ అదే నమ్మకం. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది.

నేను సిరిసిల్లలో బట్టలు కుట్టే ఒక యూనిట్‌లో లెక్కలు రాస్తాను. అమ్మ కోరుట్లలో బీడీలు చేస్తుంది. నాన్న పోయాక మేమిద్దరమే. మేముంటున్న ఇంటి ఓనరు, కొడుకు పెళ్లి కుదిరిందని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. అప్పటికే చాలా కిరాయి ఇళ్లు మారాం. ఈసారి అమ్మ మొండికేసింది. చిన్నదైనా సరే, సొంతది కావాలంది.

"ఇంకోలు లెవ్వు అన్నప్పుడల్లా చాట పట్టుకొని లేసుడు నాతోని గాదు బిడ్డా."

చాట అంటే ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చాట. అమ్మ రోజంతా అందులోనే గడుస్తుంది.

మా దగ్గర బ్రోకర్లు అమ్మేవాళ్ల దగ్గరా కొనేవాళ్ల దగ్గరా కమీషన్ తీసుకుంటారు. ఎవరి తరపున మాట్లాడుతున్నారో వాళ్లకే తెలియదు. సుజాతక్క అలాంటిది కాదని ఎవరో చెప్పారు. ఆమె కొనేవాళ్ల తరపునే ఉంటుంది. ఒకప్పుడు సిరిసిల్ల చీరలు స్కూటీ మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మింది కాబట్టి ఏ ఇంటి వంటగది గోడ చెమ్మ పడుతుందో ఆమెకు తెలుసు.

"ఒకసారి ఒక్కలనే పట్టుకుంట చిన్నమ్మా," అంది మొదటి రోజే మా అమ్మతో. "మీకు ఇల్లు దొరికినంకనే ఇంకోలు."

ఆ మాట నాకెంత నచ్చిందో ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను. నా తరపున నిలబడి మాట్లాడే మనిషి అంతవరకు నాకు లేదు. నేను నలుగురిలో నోరు విప్పలేను. కొత్తవాళ్లింట్లో దాహం వేసినా నీళ్లు అడగను. చివరికి అమ్మతో కూడా అంతే. అమ్మకు చదువు రాదు. సాయంత్రం నేను లైబ్రరీ పుస్తకం పట్టుకుంటే, "గా బుక్కుల ఏమున్నది బిడ్డా, నాకింత చెప్పరాదు" అనేది. "ఏం లేదమ్మా" అనేదాన్ని. చెప్పడం రాక.

నాకొక అలవాటుంది. ఏ గదిలోకి వెళ్లినా గోడను జానలతో కొలిచి, పుస్తకాల అర ఎక్కడ పడుతుందో చూసుకోవాలనిపిస్తుంది. పరాయి ఇంట్లో, వాళ్ల ఎదురుగా, గోడ మీద చెయ్యి పాకించుకుంటూ పోవడం నా వల్ల కాదు. కళ్లతోనే కొలుచుకుంటాను. ఈ సంగతి అమ్మకు కూడా తెలియదు.

మొదటి ఇల్లు జగిత్యాలలో చూశాం. వెనక గదిలో నేను కళ్లతో గోడ కొలుస్తున్నాను. ఆ ఇంటాయన రిటైరైన టీచరు. నన్ను చూసి నవ్వాడు.

"మొన్న ఒక పిల్ల అచ్చింది. గీ గోడనే జానలతోని కొల్చింది. బుక్కులు పెట్టుకుంటదట. సుజాతక్క పంపిందన్నది."

"నేనెవ్వల్ని పంపలే సార్," అంది సుజాతక్క.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఒక్కరినే పట్టుకుంటానన్న మనిషి మాకన్నా ముందు ఇంకొకరికి ఈ ఇల్లు చెప్పిందన్నమాట. అంతకన్నా ఎక్కువ మండింది ఇంకో సంగతికి. నేను చేయాలనుకుని చేయలేకపోయిన పనిని ఆ పిల్ల దర్జాగా చేసి వెళ్లింది.

రెండోది సిరిసిల్లలో. ఒకప్పుడు మరమగ్గాలు నడిచిన షెడ్డును ఇల్లుగా మార్చారు. పక్క షెడ్డులో ఇంకా నడుస్తున్నాయి. ఆ చప్పుడుకు రాత్రి నిద్ర పడుతుందా అని అడగాలనుకుని, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. మేం వెళ్తుంటే గేటు దగ్గర ఇంటామె తనే చెప్పింది.

"సప్పుడు గురించి పరేషాన్ గాకుండ్రి. మొన్నచ్చిన ఆడివిల్ల గూడ గదే అడిగింది. రాత్రికి బందు జేస్తరు."

ఆ పిల్ల ఎట్లుంటదని అమ్మ అడిగింది.

"సన్నగ, అద్దాలు పెట్టుకొని. గీ పిల్ల అంతనే ఉంటది," అని నన్ను చూపించింది. "పేరు అడుగనిచ్చిందా! అచ్చినకాడికెల్లి ముచ్చట్లే. నా బిడ్డలు గూడ నాతోని గంతసేపు మాట్లాడరు."

తిరుగు బస్సులో అమ్మ ఆగలేకపోయింది. "సుజాతా, ఒక్కలనే పట్టుకుంట అన్నవ్ గదనే?"

"నా కొడుకు మీద ఒట్టు చిన్నమ్మా. గా పిల్ల మొకం గూడ నేను చూడలే. నా పేరు చెప్పుకొని తిరుగుతున్నదంటే దెబ్బ నాకే."

"మరి నువ్వు మాకు సూపియ్యబోయే ఇండ్లు దానికెట్ల ఎర్కయితున్నయ్?"

సుజాతక్క మళ్లీ కొడుకు మీదే ఒట్టు వేసింది.

నేను సుజాతక్కను నమ్మలేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రోజుల్లో నా ధ్యాసంతా ఆ పిల్ల మీదే. గలగలా మాట్లాడే ఆడపిల్లలంటే నాకు ముందు నుంచీ ఓర్వలేనితనం. మా యూనిట్‌లో సెలవు వాళ్లకే దొరుకుతుంది. బస్సులో కండక్టరు సీటు వాళ్లకే చూపిస్తాడు. అయినా వాళ్లు కళ్ల ముందున్న మనుషులు. ఒక్కసారైనా చూడని మనిషి మీద ఇంత అసూయ పడొచ్చని నాకు తెలియదు. ఆమె ఏ రంగు చున్నీ వేసుకుంటుంది, నవ్వితే ఎలా ఉంటుంది, సుజాతక్క నాతో కన్నా ఆమెతోనే చనువుగా ఉంటుందా, ఇవే ఆలోచనలు. అమ్మ మాత్రం కోపం మర్చిపోయి, సుజాతక్క చెప్పిన మూడో ఇంటికి నన్ను లాక్కెళ్లింది.

అది కోరుట్లలోనే. రాజమణత్త వాళ్లది. ఆమె భర్త ఒకప్పుడు కల్లు గీసేవాడు, ఇప్పుడు హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. షాపు దగ్గరే కొత్తిల్లు కట్టుకుని దీన్ని అమ్ముతున్నారు. రెండు గదులు, వంటిల్లు, ముందు అరుగు. ఆ అరుగు చూడగానే, పొద్దున ఎండ ఇక్కడికే వస్తుంది, అమ్మ కూర్చుని ఆకు కత్తిరించుకోవడానికి వెలుతురు బాగుంటుంది అనుకున్నాను. అమ్మ అప్పుడే అక్కడ కూర్చుని, లేని చాటను ఒళ్లో సర్దుకుంటున్నట్టు మోకాళ్లు సర్దుకుంది. ఈ ఇల్లు మాదే అనిపించింది.

"ఏమనుకోవద్దు వదినా," అంది రాజమణత్త. "నేనొక పిల్లకు మాటిచ్చిన. శుక్రారం బయానా తీస్కొని అస్తనన్నది."

మాతో వచ్చిన సుజాతక్క ముందుకు జరిగింది. "నేను పంపిన్నని చెప్పిందా వదినా?"

"అవ్, నీ పేరే చెప్పింది."

"మేమేం తక్కువ చేసినం?" అంది అమ్మ.

"తక్కువని గాదు వదినా. గా పిల్ల గీ అరుగు మీద కూసోని, 'మా అమ్మ గీడ కూసుంటదత్తమ్మా, పొద్దుగాల ఎండ గీడికే అస్తది, ఆకు కత్తిరియ్య ఎలుగు మంచిగుంటది' అన్నది. తల్లి గురించి గట్ల మాట్లాడే పిల్లను నేను చూడలే." తర్వాత నా వైపు తిరిగింది. "నీ అంతనే ఉంటది బిడ్డా. గని నువ్వు ఉలకవు పలకవు. నోట్లె నాలుకున్నదా, ఇంట్ల పెట్టచ్చినవా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అది నాకు గుచ్చుకుంది.

కోరుట్లలో బీడీలు చేసే తల్లులున్న ఆడపిల్లలకు కొదవ లేదు. అది వింత కాదు. కానీ ఆ మాటలు నావి. ఎండ దగ్గర్నుంచి ఆకు దాకా, అదే వరసలో నా మనసులోవి.

శుక్రవారం సెలవు పెట్టాను. అమ్మకు చెప్పకుండా రాజమణత్త ఇంటికి వెళ్లాను. ఇంటి కోసం కాదు. ఇల్లు పోతే పోయింది, దాన్ని తీసుకుపోయే మనిషిని ఒక్కసారి చూడాలి. ఇంటి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి రాజమణత్త గేటు తీసి, నన్ను చూసి, రెండు చేతులూ ఎత్తింది.

"అచ్చినవా బిడ్డా! పొద్దటిసంది నీకోసమే చూస్తున్న. గాడెందుకు నిలవడ్డవ్ పరాయిదాని లెక్క?"

చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. చాయ్ ఇచ్చింది. "నీకు చక్కెర తక్కువ గద" అంది. నాకు తక్కువే. ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

మండిపోయి గట్టిగానే అన్నాను. "నేను గా పిల్లను గాదత్తమ్మా. మొన్న మా అమ్మతోని అచ్చినదాన్ని."

ఆమె పకపకా నవ్వింది. "నన్నే ఆటపట్టిస్తున్నవా? తల్లితోని అచ్చిన పిల్ల నోరే ఇప్పలే. నువ్వు వసపిట్ట లెక్క మాట్లాడవడ్తివి."

ఎంత చెప్పినా అంతే. నేను గట్టిగా చెప్పిన కొద్దీ ఆమెకు నమ్మకం పెరిగింది. చివరికి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ, సుజాతక్క వచ్చారు. రాజమణత్త నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసింది.

"గీమెనా నీ బిడ్డ?" అంది. "మరి మొన్న నువ్వు తీస్కచ్చిన పిల్ల ఎవలు?"

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "నాకున్నది గిదొక్కతే వదినా," అంది.

సాయంత్రం దాకా కూర్చున్నాం. ఇంకే పిల్లా రాలేదు. దీపం పెట్టే వేళకు రాజమణత్త మా దగ్గర బయానా తీసుకుని, నాకు బొట్టు పెట్టింది. నన్ను అనుమానంగానే చూస్తూ పెట్టింది.

వెళ్లబోయే ముందు ఆమె వెనక గది చూపించింది. తలుపు పక్కన గోడ మీద సన్నగా పెన్సిల్ గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ఆ పిల్ల జానలతో కొలిచి గీసుకుందట. నా చెయ్యి చిన్నది. యూనిట్‌లో అందరూ పసిపిల్ల చెయ్యి అంటారు. సుజాతక్క జాన పెట్టి చూసింది. గీత దాటింది. అమ్మ పెట్టింది. దాటింది. నేను పెట్టాను. బొటనవేలు ఒక గీత మీద, చిటికెనవేలు ఇంకో గీత మీద పడ్డాయి. చివరి గీత దాకా అలాగే పడ్డాయి.

రిజిస్ట్రేషన్ రోజు సుజాతక్క నన్ను పక్కకు పిలిచింది. "ఇప్పటికన్న నమ్ముతవా చెల్లే, నా తరపునుంచి ఎవ్వలు లేరని?" తలూపాను. ఆ తర్వాత ఆమె వేరేవాళ్లకు చూపించిన ఏ ఇంట్లోనూ ఎవరూ ఆ పిల్ల మాట ఎత్తలేదట.

కొత్తింట్లో పాలు పొంగించాం. అమ్మ చాట అరుగెక్కింది. పెన్సిల్ గీతల మీద నా పుస్తకాల అర వచ్చింది. నేను ఈ సంగతి దాదాపు మర్చిపోయాను.

ఒక సాయంత్రం సిరిసిల్ల నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. అమ్మ అరుగు మీద బీడీలు చుడుతూ, తలెత్తకుండానే అడిగింది. "మల్ల ఏమైందే?"

"ఏందమ్మా?"

"గదే, సగం చెప్పి పోతివి గద. తప్పు స్టేషన్ల రైలు దిగినామె. గాడ్నే కిరాయికి ఇల్లు తీస్కున్నది. ఇన్నేండ్లకు ఎవలో తలుపు కొట్టిరి. మొగడేనా?"

"ఎప్పుడు చెప్పిన?"

"మధ్యాహ్నం. అన్నం తినుకుంట. ఎంత నవ్విచ్చినవే!"

మధ్యాహ్నం నేను సిరిసిల్లలో ఉన్నాను. హాజరుకు వేలిముద్ర వేశాను. పక్క సీటు అమ్మాయితో కలిసి టిఫిన్ బాక్స్ విప్పి తిన్నాను. ఆ కథ ఉన్న పుస్తకం నా సంచిలోనే ఉంది. నేను నిద్రలో గొణుగుతానేమో, అమ్మ విన్నదేమో అని కూడా ఆలోచించాను. కానీ ఎవరో తలుపు కొట్టే భాగం నేను ఆ రోజు పొద్దున బస్సులోనే చదివాను. వేములవాడలో జనం ఎక్కితే అక్కడే ఆపాను.

అప్పుడు నాకు భయం వేయాలి. వేయలేదు. జగిత్యాలలో మండినట్టే మండింది. గోడ కొలవనీ, సుజాతక్క పేరు చెప్పుకోనీ, చాయ్ తాగనీ. అమ్మను నవ్వించే పని మాత్రం నాది. ఇన్నేళ్లుగా చేయకపోయినా నాదే.

కాళ్లు కూడా కడుక్కోకుండా అమ్మ పక్కన కూర్చుని పుస్తకం తీశాను. మిగతా కథ నాకూ తెలియదు. ఒక్కో పేజీ చదువుకుంటూ, దాన్ని మా మాటల్లోకి మార్చుకుంటూ చెప్పాను. కొన్ని చోట్ల తడబడ్డాను. అమ్మ చివరిదాకా విని, చుట్టిన బీడీలను కట్ట కట్టింది.

"మంచిగున్నది," అంది. "గని మధ్యాహ్నం చెప్పినప్పుడు ఇంకింత మంచిగుండె."

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ కునుకు తీసి కల కన్నదనుకుంటే ఆ కథ ఎలా తెలిసింది? ఊళ్లో నాలాంటి పిల్ల ఇంకొకతె ఉందనుకుంటే ఇన్నాళ్లలో నాకొక్కసారైనా ఎదురుపడాలి కదా. నిమ్మకాయలు ఇప్పటికీ దాటుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అమ్మకు కథ చెబుతున్నాను. ఇప్పుడు అంతగా తడబడడం లేదు. ఆ పిల్ల మళ్లీ వచ్చిందో లేదో అమ్మను అడిగితే తెలిసిపోతుంది. అడగను. అడిగితే, ఇద్దరిలో ఎవరు బాగా చెబుతారో కూడా అమ్మ చెప్పేస్తుంది.