జాబ్ కార్డులో నేను రాసిన రెండు మాటలు

2024 వేసవి. తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఒక ఎలక్ట్రిక్ కార్ల సర్వీస్ సెంటర్లో నేను సర్వీస్ అడ్వైజర్‌ని. అంటే కారు రాగానే ఎదురెళ్లి, ఓనరు చెప్పే బాధంతా విని, దాన్ని జాబ్ కార్డు మీద రాసి, లోపల టెక్నీషియన్లకు అందించే మనిషిని. అంతకుముందు పదకొండేళ్లు డీజిల్ బండ్ల దగ్గర చేశాను. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని నాకు పేరు. ఈ కార్లకు చప్పుడే లేదు. అయినా నా పొగరు మాత్రం తగ్గలేదు.

ఆ మే నెలలో కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపింది. ఫోన్‌కి వచ్చినట్టే, ఇంటి ముందు నిలబెట్టిన కారుకి అది దానంతటదే వచ్చేస్తుంది. ఓనరు పొద్దున తలుపు తీసేసరికి డాష్‌బోర్డు మొహమే మారిపోయి ఉంటుంది. ఇక మా కౌంటరు చూడాలి! ఒక పెద్దాయన అంకెలు మరీ చిన్నవైపోయాయని కళ్లద్దాలు తీసి మా టేబుల్ మీద పెట్టి, "కొత్తవి మీరే కొనియ్యండి" అన్నాడు. ఇంకొకాయన కారు నిన్న మూడు వందల కిలోమీటర్లు పోతానని చూపించి ఇవాళ రెండొందల అరవై చూపిస్తోందని, "తెల్లారేలోపల నలభై కిలోమీటర్లు ఎవురు తినేసినారప్పా?" అని నిలదీశాడు. ఒక డాక్టరమ్మ మాత్రం రంగులు బాగున్నాయని మెచ్చుకుంది. మేము లోపల టీ తాగుతూ వాళ్ల గొంతులు అనుకరించి నవ్వుకునేవాళ్లం.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఓనరు మొత్తుకుంటాడు, చూస్తే కారులో ఏ తప్పూ కనబడదు. అప్పుడు బండిని లోపలికి తీసుకెళ్లి వాటర్ వాష్ చేసి, తళతళలాడించి ఇచ్చేసేవాళ్లం. చాలామంది "ఇప్పుడు బాగుండాది" అని సంతోషంగా వెళ్లిపోయేవాళ్లు. అలాంటివాటికి జాబ్ కార్డులో రాయడానికి రెండు మాటలున్నాయి: కస్టమర్ పర్సెప్షన్. తప్పు కారులో లేదు, ఓనరుకే అలా అనిపిస్తోంది అని దాని అర్థం. ఆ నెలలో ఆ మాటలు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

మునిరత్నమ్మగారు వచ్చింది ఆ రోజుల్లోనే. పాకాల దగ్గర పల్లె, వయసు యాభై నాలుగు. భర్త పోయాక, ప్రతి పనికీ మరిదినో కొడుకునో బతిమాలుకోలేక, యాభై రెండో ఏట కారు నేర్చుకున్న మనిషి. క్లచ్చు, గేర్లు ఉండవని ఈ కారు కొనింది. పాకాల నుంచి ఒక్కతే తోలుకుంటూ వచ్చి, కారు సరిగ్గా గీతల మధ్యలో నిలబెట్టి దిగింది.

"నాయనా, మా కారు పట్టు వదిలేసిండాది" అనింది.

"పట్టంటే ఏంది మా?"

"కాలు తీస్తే పట్టుకునేది. ఇప్పుడు పట్టుకోలా. అట్లే జారతా పోతా ఉండాది. ఆ బొమ్మలు మారినప్పట్నుంచే."

ఆమె చెప్పేదేమిటో ఇక్కడ కొంచెం వివరించాలి. ఈ కార్లలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే బండి నెమ్మదిస్తుంది. ఆ పోయిన వేగం కరెంటుగా మారి బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. దీన్ని రీజెన్ అంటాం. సున్నా నుంచి మూడు దాకా మెట్లుంటాయి. మూడులో పెడితే కాలు తీయగానే బండి బాగా బిగపట్టుకుంటుంది, సున్నాలో అసలు పట్టుకోదు. ఆమెకు కారు ఇచ్చిన రోజు మావాళ్లే మూడులో పెట్టి ఇచ్చారు. అదే కారనుకుని, ఆ పట్టుతోనే ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది. పాత డాష్‌బోర్డులో ఆ అంకె నడిమధ్యన పెద్దగా కనబడేది. కొత్తదాంట్లో దాన్ని ఎక్కడో లోపలి పేజీలోకి తోసేశారు.

"పదండి, ఒక రౌండు వేసొద్దాం" అని నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుంది. దారిలో మాటల్లో, మామిడికాయల సీజను, తోపుకీ మండీకీ రోజూ తిరగాలి, కారు తొందరగా ఇచ్చేయమంది. "కొడుకు తీసుకుపోడా మా?" అని అడిగాను.

"తీసుకుపోతాడు, మంచోడే. చిత్తూరులో ఆఫీసు పని వాడికి. కానీ నేను తోలుకుంటా పోతే దామలచెరువు మండీలో కాయల రేటు నాకు చెప్తారు. వాడి పక్కన కూసోని పోతే వాడికి చెప్తారు. తోపు నాది గదా నాయనా!"

రేణిగుంట రోడ్డు మీద నాలుగుసార్లు కాలు తీసి చూపించాను. నాలుగుసార్లూ కారు చక్కగా పట్టుకుంది. ఆమె మొహంలో ఆశ్చర్యం నాకింకా గుర్తుంది.

"ఇదేందబ్బా, నువ్వు తోల్తే పట్టుకుంటా ఉండాదే!"

తిరిగొచ్చాక కౌంటరు దగ్గర కూడా ఆమె అదే మాట అనింది. చుట్టూ ఏడెనిమిది మంది కస్టమర్లు కూర్చుని ఉన్నారు. నేనేమన్నానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. అయినా రాస్తాను. "బండికి మొగోళ్ల చెయ్యంటే బయ్యం మా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మర్యాద కోసం. తరవాత కాలు ఎలా తీయాలో ఆమెకే పాఠం చెప్పాను. కారు వాటర్ వాష్‌కి పంపించాను. జాబ్ కార్డులో తప్పేమీ లేదు, కస్టమర్ పర్సెప్షన్, డ్రైవింగ్ అలవాటు వివరించాం అని ఇంగ్లీషులో రాసి, నేను సంతకం పెట్టి, ఆమెతోనూ పెట్టించుకున్నాను.

పది రోజులకు ఆమె కొడుకు హేమాద్రి ఫోన్ చేశాడు. మామిడితోపు దగ్గర నుంచి కిందికి దిగే వాలులో అమ్మ కారు ఆగకుండా పోయి కల్వర్టు గోడకు గుద్దుకుందట. కుడి మణికట్టు విరిగితే పుత్తూరు నాటువైద్యుల దగ్గరికి తీసుకెళ్లి కట్టు కట్టించారట.

"సార్, ఒక మాట నిజం చెప్పండి. కారులో ఏమన్నా తప్పుండాదా?" అని అడిగాడు.

"లేదండి. మేము చెక్ చేసినాం గదా, పేపర్లో కూడా రాసినాం" అన్నాను.

"సూసినాను సార్. అమ్మ బ్రేకు తొక్కినా అంటాది. మీ కాయితం సూసినాక నాకు అర్థమైంది. ఇంగ తాళం నా దగ్గరే పెట్టుకుంటాను. మనిషి మిగిలింది, అదే పదివేలు."

ఫోన్ పెట్టేసి, పాపం అనుకున్నాను. ఈ వయసులో ఈమెకు డ్రైవింగ్ ఎందుకు అని కూడా అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక కాలేజీ లెక్చరర్ అదే మోడల్ కారుతో వచ్చాడు. "కారు ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ రీజెన్ సున్నాకి రీసెట్ అవుతోంది" అన్నాడు. నేను వెంటనే పెన్ను తీశాను. మునిరత్నమ్మగారు పట్టు అంటే నాకు నవ్వొచ్చింది, ఆయన రీజెన్ అనేసరికి రాసుకున్నాను. చెప్పింది ఇద్దరూ ఒకటే.

టెస్ట్ డ్రైవ్‌కి నేను కూర్చున్నాను, పక్కన మా టెక్నీషియన్ బాషా. బండి కదలకముందే అతను, "అనా, ఆగు. నీ చెయ్యి సూడు" అన్నాడు. చూసుకున్నాను. స్టీరింగ్ వెనక ఎడమవైపు ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని లాగితే రీజెన్ మెట్టు పెరుగుతుంది. నా వేళ్లు దాన్ని అప్పటికే మూడుసార్లు లాగేశాయి. రోజుకు పది బండ్లు ఎక్కి దిగే నా చేతికి అది అలవాటు. కూర్చోగానే మూడులో పెట్టేస్తాను, పెట్టానన్న సంగతి నాకే తెలియదు. మునిరత్నమ్మగారి కారులోనూ అదే చేశాను. నేను తోలితే ఎందుకు పట్టుకుందో అప్పుడు అర్థమైంది. మూడో మెట్టు పట్టుకు అలవాటైన ఆమె కాలు తొక్కిన బ్రేకు, పట్టే లేని బండిని ఆ వాలులో ఆపడానికి ఎందుకు చాలలేదో కూడా అర్థమైంది.

కంపెనీకి రాశాం. అప్‌డేట్‌లో లోపం నిజమేనని ఒప్పుకుంటూ ఒక నోటీసు, సరిచేసే ఫైలు రెండు వారాల్లో పంపారు. మేనేజరు మమ్మల్ని పిలిచి, "ఎవరికీ ఫోన్లు చేసి గోల పెట్టుకోకండి. సర్వీసుకి వచ్చినప్పుడు మాట్లాడకుండా ఎక్కించేయండి" అన్నాడు. పాకాల కేసు సంగతి చెబుదామని నోరు తెరిచాను. జాబ్ కార్డు మీద సంతకం నాది. నోరు మూసుకున్నాను.

మేనేజరు ఆ మాటన్న నాలుగో రోజు మునిరత్నమ్మగారే వచ్చింది. బస్సులో వచ్చింది. కుడిచేతికి పుత్తూరు కట్టు, ఎడమచేతిలో బేనీషా మామిడికాయల సంచి. సంచి నా టేబుల్ మీద పెట్టి, ఎవరూ వినకుండా మెల్లగా అడిగింది.

"నాయనా, ఆ కాయితంలో నువ్వు రాసింది కొంచెం మార్చిస్తావా?"

"ఎట్ల మార్చాల మా?"

"తప్పు కారుదని రాయమని అడగడం లే. ఎవురిదో తెలీదని రాస్తే సాలు. మావోడికి నా మాట కంటే కాయితం మీద నమ్మకం."

ఆమె అడిగింది అంతే. కంపెనీ నోటీసు అదే సమయంలో నా కంప్యూటర్‌లో తెరిచి ఉంది. స్క్రీను ఆమెకు కనబడకుండా కొంచెం పక్కకు తిప్పాను. "ఒకసారి క్లోజ్ చేసిన జాబ్ కార్డు మళ్లీ ఓపెన్ కాదు మా, సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంతకంటే పెద్ద మోసం నా జీవితంలో చేయలేదు.

"అట్లనా. సరేలే, నీకు మాట రాకూడదు" అని లేచింది. కాయలు రెండు రోజులు ఆగి తినమని చెప్పి మరీ వెళ్లింది.

సంచి ఇంటికి తీసుకెళ్లాను. "ఎవరిచ్చినారు?" అనింది నా భార్య. కస్టమరన్నాను. "అంత మంచిపని ఏం చేసినావు?" అనింది నవ్వుతూ. కాయలు మాగి ఇల్లంతా వాసన కొడుతున్నా ఒక్కటీ నోట పెట్టలేకపోయాను. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, ఆదివారం ఆ నోటీసు ప్రింటు తీసుకుని, ఫైలు ఎక్కించే ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని పాకాల బస్సెక్కాను.

కారు రేకుల షెడ్డులో పట్ట కప్పి ఉంది. ముందు బంపరు బాగుచేయించారు. హేమాద్రి ఇంట్లోనే ఉన్నాడు. తల్లీకొడుకులను ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పాను. నా చెయ్యి మీట లాగిన సంగతి, లెక్చరర్ సంగతి, నోటీసు వచ్చిన తారీఖు, ఆమె బస్సులో వచ్చిన రోజు నేను స్క్రీను తిప్పేసిన సంగతి, అన్నీ. హేమాద్రి ప్రింటు రెండుసార్లు చదివాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనే వచ్చాను.

"నేను ఫోన్‌లో అడిగినాను గదా సార్" అన్నాడంతే. లేచి లోపలికి వెళ్లి తాళం తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. "మా, నన్ను మన్నించు. కారుదే తప్పు."

నేను ఫైలు ఎక్కించాను, అంకె మూడులో నిలబడింది. ఆఫ్ చేసి ఆన్ చేసి చూపించాను. "ఇంగ వదలదు మా. చెయ్యి నయమైనాక ధైర్యంగా తోలండి" అన్నాను.

ఆమె తాళం తీసి మళ్లీ కొడుకు చేతిలో పెట్టింది.

"ఇప్పుడు వద్దులే నాయనా. కారు బాగైంది, నాకే బాగలేదు" అనింది. "వాడు నమ్మినాడంటే వాడు ఆడ లేడు. నేనుండా గదా. ఆ వాలులో నా కాలు బ్రేకు మీదే ఉన్నింది. నాకు తెలుసు. మీ కాయితం వాడు చదివి చెప్పినాక, ఉన్నిందో లేదో నాకే తెలీకుండా పోయింది. నా కాలు మీద నాకే నమ్మకం పోయింది. ఇప్పుడు నువ్వొచ్చి కాయితం మార్చినా అది తిరిగి రాలేదు."

ఆ రోజు వాళ్లింట్లో అన్నం పెట్టారు. వద్దనే ధైర్యం లేక తిన్నాను. మరుసటి రోజు మేనేజరుకు అంతా చెప్పి, ఆ అప్‌డేట్ వచ్చిన ఓనర్లందరికీ నేనే ఫోన్లు చేశాను. చీవాట్లు తిన్నాను గానీ ఉద్యోగం పోలేదు. పోయుంటే కొంచెం తేలికగా ఉండేదేమో. అప్పటినుంచి కస్టమర్ పర్సెప్షన్ అన్న మాటలు నా పెన్నుతో రాయలేదు. ఓనరు ఏ మాట అంటే ఆ మాటే తెలుగులో రాస్తాను, జారతాంది అంటే జారతాంది అని. టెస్ట్ డ్రైవ్‌లో ఓనర్నే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎలా మొత్తుకున్నా నవ్వను. ఈ పని నేర్పిన పాఠం ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. కానీ అది నేర్చుకోవడానికి ఇంకొకరికి తన కాలి మీదున్న నమ్మకం ఖర్చయిందని కూడా చెప్పాలి.

మరుసటి వేసవిలో ఆ కారు సర్వీసుకి వచ్చింది. హేమాద్రి తోలుకొచ్చాడు, ఆమె ఎడమవైపు సీట్లో నుంచి దిగింది. చెయ్యి పూర్తిగా నయమైంది. నేను పరుగున ఎదురెళ్లి, జాబ్ కార్డు తెరిచి ఆమెనే అడిగాను.

"చెప్పండి మా, కారులో ఏమన్నా ఇబ్బందుండాదా?"

"నన్నెందుకు అడగతావు నాయనా?" అనింది, కోపం లేకుండా, మామూలుగా. "వాణ్ణి అడుగు. తోలేది వాడు గదా."

ఆ జాబ్ కార్డులో కస్టమర్ మాట రాసే గడి ఖాళీగానే వదిలేశాను.