శెట్టిగారు ఏరి పెట్టిన ఆరు చీరలు

తిరువూరు మెయిన్ రోడ్డులో కాశీవిశ్వనాథం బట్టలకొట్టు ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. చెప్పి ఊరుకోరు, "పుస్తకాల శెట్టిగారి కొట్టేగా?" అని నవ్వుతారు కూడా. చీరలమ్మే మనిషికి పుస్తకాల శెట్టి అని పేరెందుకొచ్చిందీ అంటే, అది ఆయన చేతులారా తెచ్చుకున్నదే. ఇంకెవర్నీ అనడానికి లేదు.

ఆయన చదివేవి కథలూ నవలలూ కాదు, భక్తి పుస్తకాలు అసలే కాదు. మనిషి నలుగురిలో ఉన్నప్పుడు ఒకలా, ఒక్కడే ఉన్నప్పుడు ఇంకోలా ఎందుకుంటాడు, వద్దనుకున్న వస్తువునే సంచిలో వేసుకుని ఇంటికెందుకు పోతాడు, ఇలాంటి సంగతులు చెప్పే పుస్తకాలు. ఏటా బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్లి, ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినవి సంచి నిండా మోసుకొస్తాడు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక గల్లాపెట్టె వెనక కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి చదువుతాడు. చదివి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మధ్యాహ్నం చదివింది సాయంత్రానికల్లా కొట్లో అమలు జరిగిపోవాలి ఆయనకి! అదీ వచ్చిన చిక్కు.

ఒక పుస్తకంలో, ఎదుటి మనిషి ఎలా కదిలితే మనమూ అలాగే కదలాలి, అప్పుడు వాళ్లకి మన మీద నమ్మకం కుదురుతుంది అని ఉంది. మర్నాడు గంపలగూడెం నుంచి ఒక పెద్దాయన పంచెలచాపు కోసం వచ్చి, ఉక్కకి తల గోక్కున్నాడు. కాశీవిశ్వనాథం కూడా గోక్కున్నాడు. ఆయన వీపు గోక్కున్నాడు. ఈయనా చెయ్యి వెనక్కి తిప్పి వీపు గోక్కున్నాడు. పెద్దాయన ఈయన్ని ఎగాదిగా చూసి, చాపు అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

ఆయన భార్య కన్యకాపరమేశ్వరి జాకెట్టు ముక్కల దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది.

"మీకేదో దురద జబ్బుందనుకుని పారిపోయాడండీ," అంది.

"నీకు తెలీదు కన్యకా. ఇది సైన్సు."

"అయితే సైన్సుకి కాస్త పౌడరు రాయండి."

ఆవిడతో వాదన పెట్టుకుని ఆయన గెలిచింది లేదు. పెళ్లినాటి నుంచీ అంతే. ఆ పెళ్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాశీవిశ్వనాథం జీవితంలో మొట్టమొదట చూసిన పెళ్లికూతురు ఆవిడే, నూజివీడులో. చూడగానే నచ్చింది. అయినా వాళ్లమ్మ వెంట మైలవరం, మధిర, ఏలూరు అన్నీ తిరిగి, ఎవరింట్లో పెట్టిన స్వీటూ హాటూ వాళ్లింట్లో తిని, ఏడాది పోయాక మళ్లీ నూజివీడే వచ్చాడు. ఆ సంగతి కన్యకాపరమేశ్వరి మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వదు.

ఇలా నవ్వుకుంటున్నాం గానీ, కాశీవిశ్వనాథం మంచి మనిషి. మనుషులంటే ఇష్టం ఆయనకి. ఆ ఇష్టంతోనే వాళ్లని ఇంకా బాగా అర్థం చేసుకోవాలని పుస్తకాల్లో వెతుక్కుంటాడు, పాపం.

ఈ పుస్తకాలేవీ చేతికి రాకముందు, వాళ్ల నాన్న పోయి, ఈయన కొత్తగా కొట్లో కూర్చున్న రోజుల్లో, ఒకనాడు పొద్దున్నే షట్టరు ఎత్తీ ఎత్తగానే పెనుగొలను నుంచి పదిమంది ఆడవాళ్లు దిగారు. మధ్యలో సన్నగా, తలొంచుకుని ఒక పిల్ల. పేరు సామ్రాజ్యం. వారంలో చర్చిలో పెళ్లి. తెల్లచీర కావాలన్నారు. లోపలినుంచి కాశీవిశ్వనాథం వాళ్లమ్మ గుసగుసగా కేకేసింది, "ఒరే, పొద్దున్నే తెల్లచీరతో బోణీ ఏంట్రా!" అని. ఆయన విననట్టే ఊరుకున్నాడు. విన్నా చేసేదేం లేదు. ఏది చూపించాలో తెలియదు, వాళ్ల మనసులో ఏముందో తెలియదు. తెలియక అన్నీ విప్పాడు. తెల్లవి అయిపోయాయి, మీగడరంగువి విప్పాడు. అవీ అయిపోయాయి. ఒకామె అలమర వైపు చూస్తోందని ధర్మవరం పట్టుచీరలు కూడా తీసి పరిచాడు. మధ్యాహ్నం దాకా ఆ ఆడవాళ్లు ఒకరి భుజాన ఒకరు చీర వేసి చూసుకుంటూ, కిలకిలా నవ్వుతూ కొట్టంతా పండగ చేశారు. చివరికి ఒక మామూలు చీర తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ సామ్రాజ్యం తల్లి ఆయన నెత్తి మీద చెయ్యిపెట్టి, "చల్లగా ఉండు నాయనా" అంది. తను వ్యాపారస్తుడైంది ఆ రోజేనని కాశీవిశ్వనాథం లెక్క.

అప్పట్నుంచీ వాళ్ల పేటలో ఎవరింట పెళ్లయినా బట్టలు ఈ కొట్లోనే. సామ్రాజ్యం మిరపకోతలకీ పత్తి తీతకీ పోయే మనిషి. ఏ పని మీద తిరువూరు వచ్చినా కొట్లోకొచ్చి, బేరానికొచ్చిన వాళ్ల కోసం పరిచిన పరుపు అంచున కూర్చుని, మంచినీళ్లు తాగి, ఊళ్లో కబుర్లు చెప్పి వెళ్లేది. కొనడానికి రానక్కర్లేదు ఆమె.

ఆ సామ్రాజ్యం కూతురు ఆరాధనకి సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. మంచి సంబంధమూ కుదిరింది. ఈ వేసవిలోనే పెళ్లి. "రేపు వస్తన్నాం శెట్టిగారూ, మావోళ్లందరం" అని సామ్రాజ్యం ఫోన్ చేసింది.

సరిగ్గా ఆ వారమే కాశీవిశ్వనాథం పసుపురంగు అట్ట పుస్తకం ఒకటి చదువుతున్నాడు. ఎక్కువ వస్తువులు ముందు పెడితే మనిషికి మతిపోతుందిట. ఏదీ తేల్చుకోలేడట. తేల్చుకున్నా, వదిలేసినదే మంచిదేమో అని ఇంటికెళ్లి కుమిలిపోతాడట. కొన్నే చూపిస్తే చక్కగా ఎంచుకుని సంతోషంగా పోతాడట. చదువుతుంటే ఆయనకి ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లూ జనాన్ని చీరల్లో ముంచి ఎంత హింస పెట్టాను! ఆరాధనకి మాత్రం ఆ బాధ ఉండకూడదు.

ఆ సాయంత్రమంతా కూర్చుని, ఉన్న తెల్లచీరలన్నీ తిరగేసి, జరీ చూసి, నేత చూసి, అంచు వేళ్లతో తడిమి, సొంత మేనకోడలికి ఏరినట్టు ఆరు చీరలు ఏరాడు. కొట్లో అంతకు మించినవి లేవు. వాటిని విడిగా పెట్టి, మిగతావన్నీ అలమరలో పెట్టి తలుపులు మూశాడు.

మర్నాడు కన్యకాపరమేశ్వరి గుడికి వెళ్లిన వేళకి వాళ్లొచ్చారు. సామ్రాజ్యం, ఆరాధన, మేనత్త రిబ్కా, ఇంకా పేటలో ఆడవాళ్లు సగం మంది. నవ్వుకుంటూ పరుపు నిండా సర్దుకు కూర్చున్నారు. కాశీవిశ్వనాథం ఆరు చీరలూ ఒక్కొక్కటే విప్పి పరిచాడు. మొదటిది మీగడరంగుది, సన్నటి జరీ అంచు, ఒంటినిండా చిన్న చిన్న మామిడిపిందెలు. ఆరాధన చెయ్యి దాని మీదే ఆగింది. ఆయన అది గమనించి లోలోపల మురిసిపోయాడు.

ఆరోది కూడా చూశాక అందరూ ఆయన వైపు చూస్తూ కూర్చున్నారు.

"తర్వాతియ్యి చూపియ్యండి శెట్టిగారూ," అంది రిబ్కా.

కాశీవిశ్వనాథం పుస్తకంలో చెప్పినట్టు ప్రశాంతంగా నవ్వాడు. "ఇవి చాలమ్మా. మీకోసమే ఏరి పెట్టా."

"ఇయ్యేనా?" సామ్రాజ్యం మూసి ఉన్న అలమర వైపు చూసింది.

"ఎక్కువ చూస్తే మనసు చెదిరిపోద్దమ్మా. ఈ ఆర్లో చూసుకోండి."

సామ్రాజ్యం ముఖం నల్లబడింది. మెల్లగా లేచి కొంగు దులుపుకుంది.

"పదండే. మనకి చూపియ్యాల్సినియ్యి అయిపోయినియ్యంట."

ఆరాధన ఆ మీగడరంగు చీర మీంచి చెయ్యి తీసుకుంది. కొట్టు ఖాళీ అయిపోయింది. సామ్రాజ్యం కోసం తెప్పించిన మంచినీళ్ల గ్లాసు అలాగే ఉంది.

కన్యకాపరమేశ్వరి గుడినుంచి వచ్చి, సంగతి విని, ప్రసాదం పొట్లం గల్లాపెట్టె మీద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అయ్యో! మొన్న ఆ రైసుమిల్లు ఓనరుగారింట పెళ్లికి రెండు రోజులు చూపించారే! అప్పుడు చెదరని మనసులు ఈ సామ్రాజ్యానికే చెదిరాయా? కూలికెళ్లే వాళ్లు, వీళ్లకి ఇవి చాల్లే అనుకున్నారని అనుకోదూ?"

"ఛ ఛ! నేనట్టా ఎందుకనుకుంటా? ఆ ఆరూ ఆణిముత్యాలే కన్యకా. మిల్లుగారికి కూడా అట్టాంటివి ఏరలేదు."

"ఆ ముక్క మీకు తెలుసు, నాకు తెలుసు. ఆవిడకెలా తెలుస్తుందండీ, తలుపులు మూసేసుకుంటే?"

కాశీవిశ్వనాథం గల్లాపెట్టె వెనక కూలబడ్డాడు. సామ్రాజ్యం బెజవాడ వెళ్లి కొనుక్కున్నా ఆయనకి బాధ లేదు. పిల్ల పెళ్లి బాగా జరిగితే అంతే చాలు. కానీ ఇన్నేళ్లు ఈ పరుపు మీద కూర్చుని మంచినీళ్లు తాగిన మనిషి, శెట్టిగారు నన్ను తక్కువ చేశాడు అనుకుంటూ బతుకుతుందా? ఆ మాట తల్చుకుంటేనే ఆయనకి కళ్లు చెమర్చాయి. పసుపు అట్ట పుస్తకం తెరిచాడు. అలిగి వెళ్లిన సామ్రాజ్యాన్ని ఏం చెయ్యాలో అందులో ఎక్కడా లేదు. మూసేశాడు.

"కన్యకా, ఆటో పిలిపించు," అన్నాడు.

అలమర తలుపులు బార్లా తెరిచి చీరలన్నీ మూటలు కట్టించాడు. తెల్లవే కాదు, ఎర్రవి, పచ్చవి, నీలాలు, ధర్మవరాలు, మంగళగిరులు. "ఆ పిల్ల చర్చిలో ఎర్రచీర కడుతుందేంటండీ?" అని కన్యకాపరమేశ్వరి అడిగితే, "కట్టడానికి కాదు, చూడ్డానికి" అన్నాడు. ఆవిడ తనూ ఆటో ఎక్కి మూటల మధ్య కూర్చుంది.

పెనుగొలనులో సామ్రాజ్యం ఇంటి ముందు అప్పటికే తాటాకు పందిరి వేశారు. ఆటో ఆగేసరికి ఆడవాళ్లంతా బయటికొచ్చారు. సామ్రాజ్యం మాత్రం గడపలోనే నిలబడింది.

"ఏంటండీ ఇది? మేం బెజవాడ పోతన్నాం రేపు."

"పోదువుగాని. ముందు ఇవి చూడమ్మా." కాశీవిశ్వనాథం పందిరి కింద దుప్పటి పరిచి, మూట ముడి విప్పుతూ అన్నాడు, "తప్పయిపోయింది సామ్రాజ్యం. నీ కూతురికి ఏది బాగుంటుందో నాకే తెలుసనుకున్నా. చూపించడమే నా పని. ఏరుకోవడం నీది."

ఆమె కదల్లేదు. ఆయన చీర తర్వాత చీర విప్పుతూనే ఉన్నాడు. చెమట కారిపోతోంది, మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. ధర్మవరం మూట విప్పేసరికి రిబ్కా ఇక ఆగలేక కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఒకామె నీలంచీర భుజాన వేసుకుని, "ఎట్టుందే?" అంటే, "మీ ఆయన గుర్తుపట్టడే!" అని ఇంకొకామె అంది. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుకి సామ్రాజ్యం పెదాలు కదిలాయి. గడప దిగి వచ్చి, దుప్పటి అంచున కూర్చుంది.

తెల్లవన్నీ చూశారు. వెలుగులోకి పట్టి చూశారు, నలిపి చూశారు, మళ్లీ మొదటినుంచి చూశారు. ఎండ పందిరి దాటి ఇంటి గోడెక్కింది. చివరికి ఆరాధన తల్లి చెవిలో ఏదో చెప్పింది. సామ్రాజ్యం ఆ గుట్టలోంచి ఒక చీర లాగి కూతురి ఒళ్లో పెట్టింది.

మీగడరంగుది. సన్నటి జరీ అంచు, మామిడిపిందెలు.

కాశీవిశ్వనాథం నోరు తెరిచాడు. ఆగలేకపోయాడు. "అమ్మా, ఇది నేను కొట్లో మొట్టమొదట చూపించిందేగా! అప్పుడే నచ్చిందిగా పిల్లకి!"

"అప్పుడే నచ్చిందండీ," అంది సామ్రాజ్యం.

"మరి?"

ఆమె చీర అంచు సవరిస్తూ చెప్పింది. "నా పెళ్లికి మా అమ్మ దగ్గర ఏముందండీ? ఏమీ లేదు. అయినా మీరు కొట్టంతా ఇప్పి చూపించారు. కొట్టంతా చూసి ఏరుకున్నానని ఇప్పటికీ చెప్పుకుంటా. ఈ పిల్లని అంత కష్టపడి చదివించుకున్నా. అది ఏమని చెప్పుకోవాలి శెట్టిగారూ, ఆరు చూపించారనా?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాశీవిశ్వనాథం తలొంచుకుని భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడని అందరూ అనుకునేట్టు తుడుచుకున్నాడు గానీ, ఎవరూ అలా అనుకోలేదు.

కన్యకాపరమేశ్వరే అందుకుంది. "మా ఆయనా అంతేలే సామ్రాజ్యం. మొదట నన్నే చూశాడు, నచ్చానంట. అయినా ఊళ్లన్నీ తిరిగొచ్చి గానీ చేసుకోలేదు. చీరకైతే మాత్రం ఆరు చాలంట!"

పందిరంతా నవ్వులతో దద్దరిల్లింది. సామ్రాజ్యం కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. కాశీవిశ్వనాథం కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు!

తర్వాత అందరూ కలిసి మడతలు పెట్టారు. ఒక ధర్మవరం చీర కొస కాశీవిశ్వనాథం పట్టుకుంటే, రెండో కొస సామ్రాజ్యం పట్టుకుంది. మడత కలపడానికి ఆమె రెండడుగులు ముందుకొచ్చి, తన కొస ఆయన చేతిలో పెట్టింది.

"మంచినీళ్లు తాగుతారా శెట్టిగారూ?" అంది.

"తే అమ్మా," అని ఆయన దుప్పటి అంచున కూర్చున్నాడు.