అవ్వకూ కారుకూ ఊపిరాడని రోజు

మా చిన్నప్పుడు... షామీర్‌పేట చెరువు దాటీ దాటగానే మా కారు రెండుసార్లు దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ... వెనుక సీట్లో మా అవ్వకు దమ్ము. ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీలో పిల్లికూతలు... నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతున్నాను.

అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఆమెను సికింద్రాబాద్ దవాఖానకు తీసుకెళ్తున్నాం. ఫోన్ కొడితే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. మా ఊళ్లో కారున్న ఇల్లు మాదొక్కటే... అదీ ఎవరో వాడి వాడి అమ్మేసిన పాత కారు. అయినా నాయిన దాన్ని ఎడ్ల కన్నా ముద్దుగా చూసుకునేవాడు.

నాయిన తాళం తిప్పాడు. గర్ర్... గర్ర్... అంతే. పెట్రోల్ ముల్లు చూస్తే సగం మీదే ఉంది.

"ఏమైంది?" అంది ముందు సీట్లోంచి అమ్మ.

"ఏమో... ఇంటికాడ మంచిగనే ఉండె గదా!"

అవ్వ పెదాలు నల్లబడుతున్నట్టు అనిపించింది నాకు. పైకి అంటే నిజమైపోతుందేమోనని నోరు మూసుకున్నాను.

నాయిన బానెట్ లేపి, ప్లగ్గు విప్పి, "జర తాళం తిప్పు" అని అరిచాడు. అమ్మ పక్కకు వంగి తిప్పింది. ప్లగ్గు కొసన నీలంగా నిప్పురవ్వ ఎగిరింది.

"కరెంటు వస్తాంది... పెట్రోలే వస్తలేదు."

ప్లగ్గు మళ్లీ బిగించి, పెట్రోల్ పైపు ఊడదీసి నోటితో గుంజాడు. చుక్క రాలేదు. పైపు విదిలించి, మళ్లీ బిగించి తాళం తిప్పితే... ఇంజిన్ అందుకుంది! "పైపుల చెత్త ఉండె, పోయింది" అన్నాడు. మేమూ నమ్మాం. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు బయలుదేరాం. అమ్మ ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది.

తూంకుంట దాటాం. అందరిదీ ఒక చెవి ఇంజిన్ మీద... ఒక చెవి అవ్వ ఊపిరి మీద.

హకీంపేట దగ్గర మళ్లీ దగ్గు. మళ్లీ ఆగింది.

ఈసారి నాయిన వెంటనే దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆయన భయపడటం నేను చూసింది అప్పుడే. నాయినకే భయమైతే ఇక మాకెవరు దిక్కు అనుకున్నాను... కాసేపటికి దిగి, వచ్చే బండ్లకు చెయ్యెత్తాడు. లారీలు ఆగలేదు. బస్సు ఆగింది గానీ మెట్ల దాకా జనమే. అంత దమ్ములో ఉన్న మనిషిని అందులోకి ఎలా ఎక్కిస్తాం?

"అసలు టాంకుల పెట్రోల్ ఉన్నదా... ముల్లు అబద్ధం జెప్తాందా?" అనుకుంటూ నాయిన వెనక్కి వెళ్లి మూత తిప్పాడు. "సుస్స్..." మని టాంకు గాలిని లోపలికి గుంజుకుంది.

అమ్మ గబుక్కున దిగింది. "గా సప్పుడేంది? గా మూత ఇటియ్యి!"

మూత నిండా పసుపు. అట్ట కట్టి, ఎండి, గట్టిపడి ఉంది. అది మా అవ్వ పని. ప్రతి శుక్రవారం ఇంటి గడపకు పసుపు పూయగానే కారు దగ్గరికి వచ్చి ఆ మూతకూ పూసేది. "బండికి గిదే గడప. దాని తిండి వొయ్యేది గీడికెల్లే గదా" అనేది. అలా పొర మీద పొర పడి, మూత మీద గాలి ఆడటానికున్న సన్నటి రంధ్రం పూడుకుపోయింది.

"నూనె డబ్బకు ఒక్కటే బొక్క గొడ్తె నూనె దిగుతదా? గాలికి ఇంకోటి గొట్టాలె గదా! గీ టాంకుకు గాలి అందుతలేదు. ఇందాక పైపు ఊడదీస్తె జరంత గాలి వొయ్యింది, గందుకే గీడిదాక వచ్చింది" అంది అమ్మ.

గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, ఆ రంధ్రంలో గుచ్చి గుచ్చి పసుపంతా రాల్చింది. నాయిన మూత బిగించి తాళం తిప్పాడు. కారు కదిలింది... మళ్లీ దవాఖాన గేటులోనే ఆగింది, అదీ నాయిన ఆపితేనే.

ఆక్సిజన్ పెట్టారు. చీకటి పడేసరికి పిల్లికూతలు తగ్గాయి. కళ్లు తెరిచిన అవ్వ అడిగిన మొదటి మాట... "కారు ఎందుకాగిందిరా?"

నాయిన అమ్మ వైపు చూశాడు. "పెట్రోల్ల చెత్త వడ్డదే అవ్వా" అన్నాడు తల్లితో.

"సూసినవా... నేను పసుపు వెట్టవట్టి గీడిదాకనన్న వచ్చింది. ఇంటికి వోంగనే ఇంకింత మందం వెడ్త!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు.

అవ్వ అన్నంత పనీ చేసింది. ఆమె పసుపు పూసి లోపలికి రావడం... అమ్మ వెనకాలే వెళ్లి పిన్నీసుతో రంధ్రం తీసి రావడం... ఏళ్ల తరబడి ఇదే తంతు. అవ్వకు మాత్రం ఎవరమూ చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

అవ్వ పోయాక, దినాలన్నీ అయ్యాక వచ్చిన శుక్రవారం, అమ్మ అలవాటుగా కారు దగ్గరికి వెళ్లింది. మూత మీద కొత్త పసుపు లేదు, గుచ్చడానికి రంధ్రం పూడలేదు. అది చూసి లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చి, తానే పూసింది.

ఇప్పుడు నా కారుకు ఏ చిన్న రోగమొచ్చినా ముందే దీపం వెలిగి చెబుతుంది. పిలిస్తే అంబులెన్సు వస్తుంది. మంచిదే... ఆ మధ్యాహ్నం పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. కానీ ఒకరి నమ్మకం నొచ్చుకోకుండా, వెనకాలే నడిచి సర్దిపెట్టే ఓపిక ఇప్పుడు మాలో ఎవరికుంది? నాకైతే లేదు... మీ ఇంట్లో అలా గుట్టుగా సర్దుకొచ్చిన మనిషి ఎవరు?