గరిటె తగలని ఉప్మా

అరబ్బు దేశంలో, ఘుబ్రాలో నేను వంట చేసే ఇంట్లో మేడం శుక్రవారం దక్షిణ అమెరికా వంటకం చేయించింది. మొక్కజొన్న పిండిని పాలల్లో కలియబెడుతుంటే, ఆ వాసనకు మా కడప పల్లె బడి గుర్తొచ్చింది. మన ఈడువాళ్లకు తెలుసు కదా, మధ్యాహ్నం పెట్టే ఆ పసుపుపచ్చ ఉప్మా! మా వాడ పిల్లలకు మాత్రం వడ్డించే ఆయమ్మ పళ్లేలకు గరిటె తగలకుండా పైనుంచి విసిరేది. ఏడుస్తూ ఇంటికెళితే అమ్మ అనేది: “యాన్నుంచి పడితే ఏంది మే, కడుపులోకే గదా పోయేది?”

అతిథులు మెచ్చుకుంటూ తిన్నారు. ఆ తర్వాత మేడం, “నీ ప్లేటు తెచ్చుకో,” అంది. సింకు కింద విడిగా ఉంచే నా ప్లేటు పట్టాను. గరిటె తగలకుండా, జానెడు ఎత్తు నుంచి జారవిడిచింది. వండింది నేనే కదా! వెన్న, చీజ్ వేశానేమో, చప్పుడు కూడా కాలేదు.

అమ్మా, ఈసారి కడుపులోకి పోనివ్వలేదు.