ఎడంచేత్తో చంపిన రాక్షసుడు

ఆ రోజుల్లో అంటే కిరసనాయిలు దీపాల రోజులనుకునేరు, కాదు, మూడేళ్ల కిందటి మాట. మనిషికి చిన్నతనం ఒక్కసారే వస్తుందని పెద్దలంటారు గాని నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిది మామూలుగా వచ్చి మామూలుగానే పోయింది. రెండోది నలభై ఆరో ఏట, ఒక మంగళవారం పొద్దున్న, కొరియర్లో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. చేతుల్లో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటరది. మధ్యలో తెర, అటూ ఇటూ పిడులు, వాటి నిండా బొత్తాలు, బొటనవేళ్లతో తిప్పడానికి రెండు బుడిపెలు. బొబ్బిలిలో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పాతికేళ్లుగా లోలకాలు ఊపుకుంటూ బతికినవాడికి ఇది అవసరమా అని మీరడగొచ్చు. మా ఆవిడ అడగలేదు. అట్టపెట్టెలోకి తొంగిచూసి, "ఇదేటండీ, అప్పడాల పీటకి సెవులు మొలిసినట్టున్నాది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో దాని పేరు పీట. కంపెనీ వాళ్లు పెట్టిన పేరు మళ్లీ ఎవరి నోటా వినలేదు.

మొదటి నెల నేను పీట మీద ఆట ఆడలేదు. సర్దాను. సెకనుకి ఎన్ని బొమ్మలు కదులుతున్నాయి, ఫ్యాను ఎంత ఊదుతోంది, బ్యాటరీ ఎన్ని వాట్లు తాగుతోంది, వీరుడి జుట్టు గాలికి ఎగరాలా లేక కొంచెం ఊగితే చాలా, ఇదే పని. కాలేజీ నుంచి రాగానే కూర్చుని, ఎవరో పెద్దమనిషి ఎలా సర్దుకున్నాడో వీడియోలో చూసి, అలాగే సర్ది, ఇంకో పెద్దమనిషి వీడియో చూసి అదంతా పీకేసి మళ్లీ మొదటికి వచ్చేవాణ్ని. మా అక్క గోడకి అవతలి వాటాలో ఉంటుంది. వీణ టీచరు. (నాన్న పోయాక ఇల్లు రెండు వాటాలయింది. వీణలన్నీ అటు వెళ్లాయి, అబద్ధాలన్నీ ఇటు మిగిలాయి.) ఒకరోజు కరివేపాకు కోసం వచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూసి, "ఒరే, శృతి సెయ్యడవే కచేరీ అనుకుంటన్నావేట్రా?" అంది. నాకు రోషం వచ్చింది. రోషం వచ్చి ఏం చేశాను? ఇంకా జాగ్రత్తగా సర్దాను.

రెండో నెల నుంచి ఆటలు కొనడం మొదలైంది. తగ్గింపు ధరలంటే చాలు, పెళ్లి బంతిలో వడ్డించినవన్నీ వేయించుకున్నట్టు వేయించుకున్నాను. జాబితా బారెడు పెరిగింది, ఎంగిలి పడ్డవి మాత్రం మూడో నాలుగో. తర్వాత దాన్ని మోసుకు తిరిగే రోజులు వచ్చాయి. దానికో సంచి, సంచిలో ఇటుకంత ఛార్జరు. ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లడం, ఎక్కడా తియ్యకపోవడం. రాజాం బస్సులో ఒక్కసారి తీశాను. రోడ్డు మీద గోతికొకసారి నా వీరుడు కొండ మీంచి దూకేశాడు. పక్క సీటు పెద్దాయన ఓపిగ్గా చూసి చూసి, "ఏటి బాబూ, ఆడికి బతకాలని లేదేటి?" అని అడిగాడు.

ఇలా ఆర్నెల్లు తిరిగేసరికి మిగతావన్నీ పక్కకి పోయి ఒకే ఒక్క ఆట మిగిలింది. అందులో ఒక పాత కోట ఉంది. కోట వాకిట్లో ఇనప తొడుగు తొడుక్కుని, భుజాన సమ్మెట పెట్టుకున్న రాక్షసుడు ఉన్నాడు. వాణ్ని పడగొడితే గాని లోపలికి దారి లేదు. వాడు నన్ను చంపాడు. లేచి వెళ్లాను, మళ్లీ చంపాడు. ఒక నెలలో నూట డెబ్బైసార్లు చంపాడు. (నేను చెప్పిన లెక్క కాబట్టి మీరు సగం తగ్గించుకుంటారని తెలుసు. ఈసారి నేనే తగ్గించి చెప్పాను.)

అలాంటి రోజుల్లో గరివిడిలో మా బావ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఈ బావ మా మేనత్త కొడుకు, పైగా మా ఆవిడకి స్వయానా అన్నయ్య, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద, అక్కడే ఫ్యాక్టరీలో పని. భోజనాల బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. "ఏట్రా, ఏదో రాచ్చసుడి మీద యుద్ధం సేస్తన్నావంట, మా సెల్లి సెప్పింది. ఎన్నిసార్లు సచ్చావు?" అన్నాడు. బంతంతా నావైపు తిరిగింది. అన్ని విస్తళ్లు నావైపు చూస్తుంటే నిజం చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. "సావడవేటి బావా? మొదటిసారికే పడిపోనాడు. అదీ ఎడంసేత్తో. కుడిసేతిలో కాఫీ గ్లాసున్నాది" అన్నాను.

బావ పులిహోర ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. "ఒరే, పాతికేళ్లనుంచి నీ కథలు ఇంటన్నాను. ఒక్కదానికీ సాచ్చికం లేదు. అయితే ఈ రాచ్చసుడు పీటలోనే ఉన్నాడు కదా, ఎక్కడికీ పారిపోడు. వచ్చే నెల మొదటాదివారం మీ ఇంటికొస్తాను. నా కళ్లెదుట కొట్టు. కొట్టావంటే నువ్వు సెప్పినవన్నీ నిజవేనని ఒప్పుకుంటాను. కొట్టలేదో, మళ్లీ ఇలగే బంతిలో కూకుని అన్నీ అబద్ధాలేనని నువ్వు ఒప్పుకోవాల. ఇంకెప్పుడూ కథ సెప్పకూడదు." ఆ తర్వాత ముద్ద మింగి, "బొబ్బిలోడివి కదా, ఓడిపోయినా పేరొస్తాదిలే" అని ముక్తాయించాడు. బంతి మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, ఆ ఊపులో సరేనని మాటిచ్చేశాను.

చూడండి, నాకు పొలాల్లేవు, ప్రమోషన్లు రాలేదు, చేతిలో విద్య అసలే లేదు. నలుగురిలో కూర్చుంటే నలుగురూ నావైపు తిరుగుతారంటే ఆ కథల వల్లే. అవి పోతే నా దగ్గర మిగిలేది లోలకాలు. తిరుగుదారిలో స్కూటర్ మీద నా వెనక మా ఆవిడ కూర్చుంది. రాజాం దాటాక, "మా అన్నయ్య పంతం పట్టినాడంటే ఒగ్గడు. కథలు మానెయ్యమంటే నిజంగా మానేస్తారేటి?" అంది. మాటంటే మాటే కదా అన్నాను. "మరి అన్నం తినీటప్పుడు నానేటి ఇనాల?" అంది. ఆ మాటతో నాలో ఏదో గట్టిపడింది. ఈ రాక్షసుణ్ని కొట్టి తీరాలి అనుకున్నాను. జీవితంలో ఒక అబద్ధాన్ని నిజం చెయ్యడానికి కష్టపడాలనుకోవడం అదే మొదలు.

మర్నాటినుంచి నా అలవాట్లన్నీ మారిపోయాయి. సర్దుబాట్లన్నీ అట్టడుక్కి దింపేశాను. జుట్టు ఎగరక్కర్లేదు, నీడలు అక్కర్లేదు, రాక్షసుడు సిమెంటు బస్తాలా కనిపించినా ఫరవాలేదు, చెయ్యి వెయ్యగానే బొత్తాం పలికితే చాలు. సంచి అటక ఎక్కింది. గోడవారన ప్లగ్గు దగ్గర ఒక పీట (ఇది నిజం పీట) వేసుకుని, పొద్దున్నే అక్క సాధన ముగియగానే నాది మొదలు. ఇయర్‌ఫోన్లు పోగొట్టుకున్నాను కాబట్టి సమ్మెట మోత ఇల్లంతా వినబడేది. నాలుగోనాడు గోడ అవతలనుంచి అక్క గొంతు వచ్చింది. "ఒరే, రోజూ ఏడో దెబ్బకే సస్తన్నావు, గమనించావేటి?"

గమనించలేదు. ఆమె లేచి వచ్చింది. తెర వైపు చూడనైనా లేదు. గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుని, "ఊఁ, ఆడు" అంది. ఆడాను, చచ్చాను. "మూడు బేగి, నాలుగు నిమ్మళం. తకిట, తకధిమి. మిశ్రచాపు. ఆడు మంచి లెక్కలోనే కొడతన్నాడు. నువ్వే, ఆరు పడీసరికి అయిపోనాదని ముందుకి దూకుతన్నావు. ఏడోది నెత్తిమీద పడతన్నాది." పన్నెండేళ్లప్పుడు నాన్న నాకు వీణ చెప్పేవారు. సరిగ్గా ఈ తాళం దగ్గరే, ప్రతిసారీ ఆరుకే ముగించేసేవాణ్ని. నాన్న తిట్టేవారు కాదు. ఏడో దెబ్బ చెయ్యి గాల్లో ఆపి నావైపు చూసేవారు, అంతే. ఆ చూపు పడలేక ఒకరోజు వీణ ఒగ్గేసి క్రికెట్‌కి పారిపోయాను. ముప్ఫై నాలుగేళ్లు పోయాక అదే ఏడో దెబ్బ ఇనప తొడుగు తొడుక్కుని, సమ్మెట పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"పీట అవతల పెట్టు. వారం రోజులు ముట్టుకోకు. ముందు తొడ మీద తాళం వెయ్యి" అంది అక్క. వేశాను. బజార్లో వేశాను, ల్యాబులో వేశాను, లోలకాల మీద ఎదురుతాళం వేశాను, ఆ వారం మా ల్యాబులో ఎవరి ప్రయోగానికీ సరైన జవాబు రాలేదు. వారం తర్వాత పీట పట్టుకుంటే ఏడో దెబ్బ తప్పించుకున్నాను. అప్పుడు తెలిసిన సంగతేమిటంటే, సగం చచ్చాక రాక్షసుడు వేగం పెంచుతాడు. ఏడుపు గొంతుతో అక్కతో చెప్పాను. "రెండో కాలం ఎత్తుకున్నాడు, అంతే కదా. కాలం మారినా లెక్క మారలేదు కదరా" అంది, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

ఆదివారం రానే వచ్చింది. ఆ ముందు రోజు వరకూ నేను వాణ్ని ఒక్కసారీ పూర్తిగా పడగొట్టలేదు. బావ పదింటికల్లా దిగాడు. ప్లాస్టిక్ కుర్చీ నా భుజానికి ఆనించి వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, మా ఆవిడ వేయించి ఇచ్చిన వేరుశెనగకాయలు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఊఁ, కానీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల నలుగురు శిష్యురాళ్లు నాలుగు వీణలమీద సరళీస్వరాలు ఎత్తుకున్నారు. ఆదితాళం, ఎనిమిది లెక్క. ఇక్కడ రాక్షసుడు ఏడు కొడుతుంటే, అక్కడ గోడ ఎనిమిది కొడుతోంది, పక్కన బావ ఏ లెక్కా లేకుండా తొక్కలు టపటపమని పగలగొడుతున్నాడు. చచ్చాను. మళ్లీ చచ్చాను. మూడోసారి చచ్చాక లేచి గోడ దగ్గరికెళ్లి, "అక్కా, పావుగంట ఆపవే" అన్నాను. "నీ రాచ్చసుడి కోసం నా పాఠం ఆపాలేటి? పక్కోళ్లు ఎన్ని కొడితే నీకేటి, నీ ఏడు నువ్వు పట్టుకో" అని జవాబు. శిష్యురాళ్లు కిసుక్కుమన్నారు. బావ మూడు కాయలు లెక్కగా పక్కన పెట్టాడు, చావుకొకటి.

నాలుగోసారి కూడా చచ్చాను, అది కాయ పెట్టినందుకు వచ్చిన కోపంలో. ఐదోసారి కూర్చునేముందు చొక్కా విప్పి బనీనుతో కూర్చున్నాను. తెర చూడడం కూడా తగ్గించాను. తకిట, తకధిమి. కుడికాలి బొటనవేలు నేలమీద దాని పని అది చేస్తోంది. ఏడు పడగానే ఒక దెబ్బ వెయ్యడం, తప్పుకోవడం. మళ్లీ ఏడు, మళ్లీ ఒకటి. సగం దాటింది, రెండో కాలం ఎత్తుకున్నాడు. బావ తొక్కలు ఒలవడం మానేశాడు. వీణలు నా చెవికి వినబడ్డం మానేశాయి, లేక నిజంగానే ఆపారో, ఇప్పటికీ అక్క చెప్పదు. చివరి ఏడు పడింది. నేను ఒకటేశాను. సిమెంటు బస్తా మోకాళ్లమీద కూలి, ముందుకి పడి, పొడి అయిపోయింది. కోట తలుపు తెరుచుకుంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. బావ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "కొట్టావురా. ఒప్పుకున్నాను. పందెం ప్రకారం నువ్వు సెప్పినవన్నీ నిజవే" అన్నాడు. నా ఛాతీ బనీనులో పట్టలేదు. అప్పుడు నెమ్మదిగా, "అయితే ఒక్కటి సెప్పు. ఇవాళ రెండు సేతుల్తో, నాలుగుసార్లు సచ్చి, బనీను పిండుకునేలాగ సెమటోడ్చి కొట్టావు కదా. మరారోజు కాఫీ తాగుతా ఎడంసేత్తో ఒక్కసారికే ఎలగ కొట్టావు?" అన్నాడు.

ఏ మహానుభావుడైనా గెలిచిన దెబ్బకే దొరికిపోయాడని ఎక్కడైనా విన్నారా? నేను నోరు తెరిచాను. మామూలుగా అయితే నోరు తెరిస్తే కథ దానంతటదే వచ్చేది. ఆ రోజు రాలేదు. "అవును బావా. ఆరోజు కొట్టలేదు" అన్నాను.

బావ మొహం వెలిగిపోతుందనుకున్నాను. వాడిపోయింది. కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "సరే, ఇక్కడితో ఆగిపో. ముఖలింగం రేవులో ఏనుగు నీకు దారిచ్చిందన్నావు సూడు, అది మాత్రం అబద్ధవని సెప్పీకు. ఆ ఏనుగు దగ్గర నాను కూడా ఉన్నానని ఫ్యాక్టరీలో పదేళ్లనుంచి సెప్పుకుంటన్నాను" అన్నాడు. ఉన్నావు బావా, నువ్వు లేకపోతే అది దారిచ్చేదా అన్నాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి అందరికీ విస్తళ్లు వేసింది, నన్ను కొసరి కొసరి అడిగి మరీ వడ్డించింది.

ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. కొత్త ఆటలు కొనడం లేదు, ఉన్నవాటిలో సగం పేర్లు కూడా మర్చిపోయాను. రాక్షసుడితో యుద్ధానికి ముందు సేవ్ చేసి దాచుకున్న ఆటని మాత్రం అలాగే ఉంచాను. పొద్దున్న ఒక పావుగంట వాడి దగ్గరికి వెళతాను. కొట్టను. వాడు కొడుతుంటే తప్పుకుంటూ, ఏడేడు లెక్కపెట్టుకుంటూ అలా ఉండిపోతాను. ఎప్పుడైనా పరధ్యానంలో పడితే "తప్పావు" అని గోడ అంటుంది. పడగొట్టాక తెరుచుకున్న ఆ తలుపు లోపల ఏముందో నేను ఇంతవరకూ వెళ్లి చూడనేలేదు. (కాలేజీలో మాత్రం వివరంగా వర్ణించి చెప్పాను.) అప్పుడప్పుడు ఆ ఆదివారం బనీనుతో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. నలభై ఆరేళ్లు, పాపం, ఏం తెలుసని? ఒక్కసారి గెలిచేసరికి మైకం కమ్మి, అంత చక్కటి అబద్ధాన్ని చేజేతులా ఒగ్గేసుకున్నాడు. ఇప్పుడైతేనా, "ఎడంచెయ్యి బెణికింది బావా, అందుకే ఇవాళ రెండూ వాడవలసొచ్చింది" అని ఉండేవాణ్ని.